12 వోల్టుల వాల్వ్ మైక్ ప్రీయాంప్: అపోహలు - వాస్తవాలు

ఇంట్లో ఓ గదినే స్టూడియో చేసుకుని పాటలు, పాడ్‌కాస్టులు రికార్డ్ చేసే కుర్రాళ్లు బెజవాడలో బాగానే ఉన్నారు. మైక్ నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ని పెంచేది ప్రీయాంప్. ఆ పనికి వాల్వ్ (గాజు వాక్యూమ్ ట్యూబ్) పెట్టిన చిన్న బోర్డులు వాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పిస్తే, అవి నా బల్ల మీదికి వస్తుంటాయి. వాటితోపాటే ఈ మాటలూ వస్తాయి.

అపోహ: 250 వోల్టులు లేకపోతే వాల్వ్ పనే చేయదు.
చేస్తుంది. 1950ల చివర్లో కార్ రేడియోల కోసం వచ్చిన ఈసీసీ86 అనే వాల్వ్ ప్లేటుకు (పెరిగిన సిగ్నల్ బయటికొచ్చే కాలికి) బ్యాటరీ వోల్టేజీయే చాలు. 12ఏయూ7 అనే వాల్వ్ కూడా 12 వోల్టుల మీద పలుకుతుంది. కాకపోతే గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందనేది) పడిపోతుంది. సిగ్నల్ కాస్త పెరిగితే గ్రిడ్ (సిగ్నల్ లోపలికి వెళ్లే కాలు) కరెంట్ లాగి, వేవ్‌ఫామ్ తల తెగుతుంది. డేటాషీట్‌లోని మామూలు లెక్కలు అక్కడ పెద్దగా పనికిరావు. ప్లేటు రెసిస్టర్, గ్రిడ్ రెసిస్టర్ మార్చి మార్చి, సిగ్నల్ ఆకారం చూపించే స్కోప్‌లో చూసుకోవాల్సిందే.

అపోహ: ఒక్క వాల్వ్ పెడితే ప్రీయాంప్ అయిపోయినట్టే.
అసలు తిరకాసు ఇక్కడే. డైనమిక్ మైక్ దగ్గర మామూలుగా మాట్లాడితే వచ్చేది ఓ రెండు మిల్లీవోల్టులు. దాన్ని ఒక వోల్టు చేయాలంటే 500 రెట్లు పెంచాలి, అంటే 54 డెసిబెల్స్. 12ఏయూ7 మ్యూ (ఆ వాల్వ్ ఇవ్వగల గరిష్ఠ గెయిన్) సుమారు 20. అది మొత్తం చేతికొచ్చినా 26 డెసిబెల్సే. మొత్తం ఎప్పుడూ రాదు, 12 వోల్టుల దగ్గర అసలే రాదు. ముందు 1:10 మైక్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే కరెంటు ఖర్చు లేకుండా 20 డెసిబెల్స్ కలిసొస్తాయి, కానీ మంచిది కొనాలంటే ఖరీదే. అంత పెట్టలేకపోతే ముందు తక్కువ నాయిస్ ఆప్‌యాంప్ (సిగ్నల్ పెంచే చిప్), వెనక వాల్వ్. చాలా చవక బోర్డుల్లో జరిగేదీ ఇలాంటిదే: పని ఆప్‌యాంప్‌ది, పేరు వాల్వ్‌ది. అమ్మేవాడు ఆ సంగతి చెబితే నాకేం అభ్యంతరం లేదు.

అపోహ: నారింజ వెలుగు ఎంత బాగుంటే సౌండ్ అంత బాగుంటుంది.
చాలా బోర్డుల్లో ఆ వెలుగు సాకెట్ కింద ఎల్‌ఈడీది.

అపోహ: హమ్ (గుయ్‌మనే మోత) వస్తోందంటే వాల్వ్ పోయినట్టే.
హీటర్‌కి (వాల్వ్‌ని లోపల వేడిచేసే తీగకి) డీసీ అందుతోందా, ఎర్త్ ఒక్కచోటే కలిసిందా, ముందు ఇవి చూడండి. తర్వాత పెన్సిల్‌తో గాజు మీద మెల్లగా తట్టండి. హెడ్‌ఫోన్స్‌లో టింగ్‌మంటే అది మైక్రోఫోనిక్ వాల్వ్, అంటే అదురుని కూడా సౌండ్‌గా మార్చేది. ఏలూరు రోడ్డు మీద లారీ, నెత్తిన ఊగే ఫ్యాను, అన్నీ రికార్డింగ్‌లోకి వచ్చేస్తాయి. బోర్డు కింద రబ్బరు వాషర్లు వేయండి, లేదా ఇంకో వాల్వ్ మార్చి చూడండి.

అపోహ: లో వోల్టేజీ కదా, భయం లేదు.
12 వోల్టుల మంచి అడాప్టర్‌తో ఆగితే షాక్ భయం లేనట్టే. బూస్ట్ కన్వర్టర్ (వోల్టేజీ పెంచే సర్క్యూట్) తగిలించి 200 వోల్టులు తీశారో, అది ఇక లో వోల్టేజీ కాదు. స్విచ్ ఆపేశాక కూడా కెపాసిటర్ షాక్ కొడుతుంది. రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటర్ పెట్టి చూశాకే చెయ్యి వేయండి.