కళింగపట్నం కెరటాలు, పెద్దక్క కాగితాలు

చిరంజీవులు పండు, చిన్నిలకు,

తాత ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ మీరంతా బాగున్నారని తలుస్తాను.

మొన్న ఫోన్లో పండు అడిగాడు కదా, "పెద్దక్క రోజంతా కాగితం మీద రాసుకుంటూ కూర్చుంటుందట. ల్యాబ్ లేదు, మైక్రోస్కోపు లేదు. అది రీసెర్చి ఎలా అవుతుంది తాతా?" అని. ఫోన్లో తేలే సంగతి కాదని అప్పుడు ఊరుకున్నాను. నిన్న సాయంత్రం కళింగపట్నం వెళ్లి చాలాసేపు ఇసుకలో కూర్చున్నాను.

గడియారం చూస్తూ కెరటాలు లెక్కపెట్టాను. ఐదు నిమిషాల్లో ఇరవై ఐదు వచ్చాయి. అంటే కెరటానికీ కెరటానికీ మధ్య 12 సెకన్లు. ఈ ఒక్క అంకెతో, కంటికి కనపడని లోతు సముద్రంలో ఆ కెరటం ఎంత వేగంగా నడిచిందో చెప్పేయొచ్చు. 12ని 1.56తో హెచ్చవేయండి. సెకనుకు సుమారు 18.7 మీటర్లు, గంటకు 67 కిలోమీటర్లు. మన ఆర్టీసీ బస్సు హైవే ఎక్కితే వెళ్లే వేగం. ఆ 1.56 ఎక్కడిదంటారా? భూమ్యాకర్షణ 9.8ని రెండు 'పై'లతో భాగిస్తే వచ్చేదే.

ఒడ్డు దగ్గర పడేసరికి లెక్క మారుతుంది. అక్కడ లోతుదే పెత్తనం. లోతును 9.8తో హెచ్చవేసి వర్గమూలం తీయాలి. రెండు మీటర్ల లోతులో ఆ కెరటమే గంటకు 16 కిలోమీటర్లకు దిగిపోతుంది. సైకిల్ వేగం!

ఇంకో వింత చూడండి. ఎక్కడో దక్షిణాన పుట్టిన కెరటం మన ఒడ్డుకు ఏటవాలుగా రావాలి. కానీ కాళ్ల దగ్గరకు వచ్చేసరికి ఒడ్డుకు దాదాపు సమాంతరంగా ఉంటుంది. ఎందుకు? మా చిన్నప్పుడు నూర్పుల్లో ఎడ్లను వరసగా బంతి కట్టి కళ్లంలో తిప్పేవారు. రాట దగ్గరి ఎద్దు నెమ్మదిగా అడుగులేస్తే, చివరి ఎద్దు గబగబా నడిచేది. వరస మొత్తం అలాగే తిరిగేది. కెరటమూ అంతే. ఒడ్డు వైపు కొస ముందుగా లోతు తక్కువ నీళ్లలోకి వచ్చి నెమ్మదిస్తుంది. బయటి కొస ఇంకా పరుగులోనే ఉంటుంది. దాంతో కెరటం మొత్తం ఒడ్డు వైపు తిరుగుతుంది.

నేను చదువుకున్న రోజుల్లో ఈ వర్గమూలం ఎందుకొచ్చిందని అడిగితే, "పరీక్షలో రాదు, కూర్చో" అన్నారొక మాస్టారు. ఆ మాట ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది. అందుకే మీరు అడిగినవాటిని నేను దాటవేయను.

2004 డిసెంబరు 26, ఆదివారం. సుమత్రా దగ్గర సముద్రం అడుగు కదిలి సునామీ వచ్చింది. దాని అల పొడవు, అంటే ఒక అల శిఖరం నుంచి తర్వాతి శిఖరం దాకా దూరం, వందల కిలోమీటర్లు. అంత పొడవైనదానికి నడిసముద్రం కూడా లోతు తక్కువ నీళ్లతో సమానం. కనుక ఇందాకటి వర్గమూలమే దానికీ వర్తిస్తుంది. మూడు వేల మీటర్ల లోతులో గంటకు 600 కిలోమీటర్లు దాటుతుంది. అప్పట్లో మనకు హెచ్చరిక కేంద్రం లేదు. 2007లో హైదరాబాద్‌లో పెట్టారు. సముద్రం అడుగున భూకంపాలు వచ్చే చోట్లను ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క కదిలితే అల ఎలా నడుస్తుందో ఆ కేంద్రంలో ముందే లెక్కకట్టి ఉంచుతారు. నిజంగా భూకంపం వస్తే, కావలసిన ముక్కల లెక్కలు తీసి కూడుతారు.

ఇలా ముక్కలు చేసి కూడే ఉపాయానికి మూలపురుషుల్లో ఒకరు పిండిమర నడిపినాయన. పేరు జార్జ్ గ్రీన్, ఇంగ్లండులో నాటింగ్‌హామ్ ఊరు. బడికి వెళ్లింది ఏడాది పైచిలుకు మాత్రమే. మర చూసుకుంటూనే లెక్కలు నేర్చుకుని, 1828లో సొంతంగా పుస్తకం అచ్చు వేయించుకున్నాడు. కొన్నవాళ్లు ఓ యాభై మంది. నలభై ఏళ్ల వయసులో కేంబ్రిడ్జిలో విద్యార్థిగా చేరాడు. లోతు పదహారో వంతుకు తగ్గితే అల ఎత్తు రెండింతలవుతుందని చెప్పిన సూత్రమూ ఆయనదే. 1841లో పోయాడు, తన విలువ లోకానికి తెలియకుండానే.

ఆయన ఉపాయం మన చెరువులో చూడొచ్చు. ఒక్క చినుకు పడితే లేచే వలయాన్ని లెక్కకట్టగలిగితే చాలు, వాన మొత్తం కురిసినా ఆ వలయాలన్నీ కూడుకోవచ్చు. నూరేళ్లు దాటాక ఎలక్ట్రాన్, కాంతి ఒకదాన్నొకటి ఎలా తాకుతాయో లెక్కగట్టడానికి ష్వింగర్ అనే భౌతికశాస్త్రవేత్త ఇదే పనిముట్టు పట్టుకున్నాడు. ఆయనకు 1965లో నోబెల్ వచ్చింది. పిండిమర దగ్గర పుట్టిన ఆలోచన అంత దూరం వెళ్లిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అయితే ఈ కూడిక ఒకచోట ఆగిపోతుంది. మీ కాళ్ల ముందు కెరటం నిలువునా లేచి, తల వంచి, నురగై విరుగుతుందే, అక్కడ. ఆ క్షణంలో అలకు అల కలిపితే సరిపోదు, ఒకదాన్నొకటి మార్చేస్తాయి. నీటి నడక సమీకరణాలు 1800ల నాటివే. కానీ వాటికి ఎప్పుడూ సాఫీ జవాబు, అంటే ఎక్కడా అంకెలు అదుపు తప్పని జవాబు, ఉంటుందా లేదా అన్నది ఇంకా తేలలేదు. తేల్చినవారికి పది లక్షల డాలర్లు ఇస్తామని 2000లో ప్రకటించారు. ఆ డబ్బు ఇంకా అలాగే ఉంది.

పెద్దక్క రాస్తున్నది ఆ విరిగే కెరటం గురించే పండూ. సముద్రాన్ని ల్యాబ్‌లో పెట్టలేం కనుక కాగితం మీద పెట్టుకుంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు సెకన్ల ముల్లున్న గడియారం తెచ్చుకోండి. చిన్ని లెక్కపెడుతుంది, పండు రాసుకుంటాడు. తెల్లారి ఆరింటికల్లా ఒడ్డున ఉండాలి, ముందే చెబుతున్నాను.

మీ తాత