ఒకే డీఎన్ఏ, రెండు రకాల పిల్ల కణాలు

బ్యాక్టీరియా ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, అన్నీ అచ్చు ఒకేలా ఉంటాయి అని స్కూల్లో చదువుకున్నాం కదా, కానీ మంచినీళ్లలో బతికే కాలోబాక్టర్ క్రెసెంటస్‌ని చూస్తే ఆ మాట అస్సలు నిలబడదు. ఇది విడిపోయిన ప్రతిసారీ రెండు వేరే వేరే కణాలు వస్తాయి. ఒకదానికి సన్నటి కాడ, దాని చివర గట్టి జిగురు, దాంతో ఏదో ఒకదానికి అతుక్కుని అక్కడే ఉండిపోయి వెంటనే మళ్లీ డీఎన్ఏ కాపీ మొదలుపెట్టేస్తుంది. రెండోదానికి తోక లాంటి ఫ్లాజెల్లమ్, అది ఈదుకుంటూ పోతుంది, కానీ డీఎన్ఏ కాపీ చేసుకోవడం దానికి అప్పుడే కుదరదు, కొంతసేపు తిరిగాక ఆ తోక వదిలేసి అదే కొసన కాడ పెంచుకోవాలి, అప్పుడే దానికి పిల్లలు.

జీన్స్ మాత్రం రెండింట్లోనూ అవే! మరి తేడా ఎక్కడినుంచి వచ్చింది?

ఏ ప్రోటీన్ ఏ కొసన ఉంది అన్నదే ఇక్కడ అసలు విషయం. సీటీఆర్-ఏ అనే ప్రోటీన్ డీఎన్ఏ కాపీ మొదలయ్యే చోటే పట్టుకుని కూర్చుంటుంది, అది ఉన్నంతసేపు కాపీ జరగదు. కాడ కణంలో దాన్ని ముక్కలు చేసేస్తారు, ఈదే కణంలో ఉంచేస్తారు. "ఎవరు" అంటే వేరే ప్రోటీన్లే. కాడ కొసన డివ్-జే ఉంటుంది, అది డివ్-కే అనే చిన్న ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ అనే చిన్న రసాయన ముక్కని తగిలిస్తుంది, అవతలి కొసన ఉన్న ప్లెక్-సీ ఆ ఫాస్ఫేట్ పీకేస్తుంది. ఫాస్ఫేట్ ఉన్న డివ్-కే వల్లే సీటీఆర్-ఏ పని ఆగిపోతుంది. కణం ఒక్కటిగా ఉన్నంతవరకు డివ్-కే అటూ ఇటూ తిరుగుతూ రెండింటి చేతుల్లోనూ పడుతుంది. మధ్యలో గోడ మూసుకుందా, ఇక ఒక సగంలో తగిలించేది మాత్రమే, రెండో సగంలో పీకేది మాత్రమే మిగుల్తాయి, అంతే, దారులు వేరైపోతాయి. అంటే విడిపోవడమే సిగ్నల్ అన్నమాట! నాకైతే మొత్తం బయాలజీలోనే ఇంత అందమైన ఏర్పాటు ఇంకోటి కనపడలేదు. బ్యాక్టీరియా అంటే ఎంజైములు కలగాపులగంగా నిండిన సంచి అనుకునే రోజుల్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో శాస్త్రవేత్త లూసీ షపీరో ల్యాబ్ పట్టుబట్టి ఇదే బ్యాక్టీరియా మీద దశాబ్దాలు పనిచేసింది.

బాసిల్లస్ సబ్‌టిలిస్ అనే బ్యాక్టీరియాది ఇంకో దారి, తిండి కరువైతే గోడని మధ్యలో కాకుండా ఒక కొసకి దగ్గరగా కట్టి, చిన్న గదిని స్పోర్‌గా, అంటే కరువుని తట్టుకుని నిద్రపోయే గట్టి గింజలా మార్చి, పెద్ద కణం చివరికి పగిలి చచ్చిపోతుంది.

క్షయ బ్యాక్టీరియా కుటుంబంలో ఇది మన ఆరోగ్యం దాకా వస్తుంది. అక్కడ పాత కొస ఎక్కువ పెరుగుతుంది, విడిపోయిన చోట ఏర్పడ్డ కొత్త కొస ఆలస్యంగా మొదలుపెడుతుంది, దాంతో పిల్ల కణాల సైజులూ పెరిగే తీరూ వేరు, మందుకి లొంగే తీరు కూడా వేరు. 2017లో వచ్చిన ఒక స్టడీలో లామ్-ఏ అనే ఒక్క ప్రోటీన్ తీసేస్తే ఆ తేడా చాలావరకు తగ్గిపోయి, క్షయకి వాడే రిఫాంపిసిన్ లాంటి మందులకి ఆ కణాలు త్వరగా, దాదాపు ఒకేలా చచ్చిపోయాయి.