రెండు ఊపిరితిత్తుల్లో గడ్డలుంటే ఆపరేషన్ ఉండదా?

"రెండు పక్కలకీ పాకిందంట సార్, ఇంకెందుకు పిల్లని కొయ్యడం?" ఎముక క్యాన్సర్ ఉన్న పిల్లల ఇళ్లలోంచి ఈ మాట వింటూనే ఉంటాను. ఎవరన్నారని అడిగితే ఓ బంధువో, స్కాన్ సెంటర్ బయట కలిసినాయనో, వాట్సాపో. ఈ ఒక్క మాట నమ్మి కీమో మధ్యలో ఆపేసి, పసరు మందు కోసం ఊళ్లు తిరిగి, గడ్డలు పెరిగాక తిరిగొచ్చిన వాళ్లని చూశాను. వాళ్ల మీద నాకు కోపం లేదు, ఆ భయంలో ఎవరైనా అంతే. ఆ మాట చెప్పినవాళ్ల మీదే నా కోపం.

ఆస్టియోసార్కోమా అనే ఈ ఎముక క్యాన్సర్ పాకిందంటే ఎక్కువసార్లు ముందుగా ఊపిరితిత్తులకే పాకుతుంది. ఆ గడ్డలు కీమో ఒక్కదానితో పూర్తిగా పోవడం అరుదు, అందుకే తీయాలి. అన్నీ తీయగలిగితే సుమారు మూడో వంతు పిల్లలు ఏళ్ల తరబడి బతుకుతున్నారు, తీయకుండా వదిలేస్తే ఆ అవకాశం దాదాపు ఉండదు. కాబట్టి చూడాల్సింది ఒక పక్కా రెండు పక్కలా అని కాదు, అన్నీ తీయడానికి వీలుందా, తీశాక ఊపిరికి సరిపడా ఊపిరితిత్తి మిగులుతుందా అని. అందరికీ వీలవుతుందని చెప్పను, కానీ అది తేల్చాల్సింది సర్జన్, పక్కింటాయన కాదు.

ఊపిరితిత్తి మొత్తం తీసేస్తామని భయపడకండి. గడ్డ, దాని చుట్టూ కాస్త మంచి భాగం, అంతే తీస్తాం. మామూలుగా ముందు ఒక పక్క చేసి, పిల్ల కోలుకున్నాక కొన్ని వారాలకి రెండో పక్క. రొమ్ము ఎముక మధ్యలో తెరిచి రెండూ ఒకేసారి చేయొచ్చు గానీ, గుండె అడ్డుండటంతో ఎడమ కింది భాగం వెనక దాకా చెయ్యి సరిగా అందదు.

"చిన్న రంధ్రాలతో చేయరా?" అని కూడా అడుగుతారు. తెరిచి చేసేటప్పుడు ఊపిరితిత్తిలో గాలి తీసేసి వేళ్లతో తడుముతాం, సీటీ స్కాన్‌లో కనపడని గడ్డ కూడా అన్నంలో రాయిలా వేలికి తగులుతుంది. చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి చేస్తే ఆ అవకాశం తక్కువ, కానీ నొప్పి కూడా తక్కువే. ఏది మేలో తేల్చడానికి అమెరికాలోని చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్ (పిల్లల క్యాన్సర్ మీద పరిశోధన చేసే సంస్థ) రెండు పద్ధతుల్నీ పోల్చే ట్రయల్ మొదలుపెట్టింది. ఒకటి రెండు గడ్డలే ఉంటే కెమెరా గురించి అడగడంలో తప్పు లేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. కత్తి తగిలితే పాకుతుందనేది వట్టి పుకారు. ఎముకది ఊపిరితిత్తికి వచ్చినా అది ఎముక క్యాన్సరే, మందులూ దానివే. కిడ్నీలో వచ్చే విల్మ్స్ ట్యూమర్ సంగతి వేరు, ఊపిరితిత్తుల్లో దాని మచ్చలు చాలామందికి కీమోతోనే పోతాయి, అక్కడ ఆపరేషన్ కోసం పట్టుబట్టకండి. జీవితాంతం ఆక్సిజన్ పెట్టుకోవాలా అంటే, సాధారణంగా అక్కర్లేదు. రెండో పక్క కూడా అయ్యాక ఓ పాప ఛాతీలో ట్యూబు ఇంకా ఉండగానే, ఊపిరి వ్యాయామం కోసం ఇచ్చే స్పైరోమీటర్‌లో గాలి పీల్చి మూడు బంతులూ లేపి, వాళ్ల నాన్నని కూడా పీల్చమని పట్టుబట్టింది.

రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకెళ్లకండి, సీటీ సీడీ కూడా ఉండాలి. "అన్నీ తీయగలరా?" అని సూటిగా అడగండి. ఆ జవాబు వచ్చేదాకా కీమో డేటు మాత్రం తప్పించొద్దు.