పిన్ని పెదవి మీద ఎర్రచుక్కలు

పర్లాకిమిడిలో ఉండే మా పిన్నికి చిన్నప్పటి నుంచీ తరచూ ముక్కులోంచి రక్తం కారేది. "వేడి చేసింది" అని తల మీద చన్నీళ్లు పోసేవారు. అమ్మమ్మకీ అంతేనట. ఎవరూ డాక్టరుకి చెప్పలేదు.

మొన్న మోచేతి దగ్గర కంతి తీయించుకోడానికి శ్రీకాకుళం బయల్దేరింది. "పొద్దున్న వెళ్లి సాయంత్రం బస్సుకి వచ్చేస్తాను" అంది. మత్తు డాక్టరు ముందు ఆమె పెదవి చూశారు. గుండుసూది తలంత ఎర్రచుక్కలు. వేలితో నొక్కితే పాలిపోయాయి, వదలగానే మళ్లీ ఎర్రబడ్డాయి. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ముక్కులోంచి రక్తం వస్తుందామ్మా?" అని అడిగి, ఆపరేషన్ వాయిదా వేశారు. పిన్నికి కోపం వచ్చింది. నాకు మాత్రం ఆయన మీద గౌరవం కలిగింది.

ఆ జబ్బు పేరు హెచ్‌హెచ్‌టీ (హెరిడిటరీ హెమరేజిక్ టెలాంజియెక్టేసియా), వంశపారంపర్యంగా వచ్చే రక్తనాళాల జబ్బు. సుమారు 5,000 మందిలో ఒకరికి ఉంటుంది. తల్లికో తండ్రికో ఉంటే ఒక్కో బిడ్డకీ వచ్చే అవకాశం 50 శాతం. ధమనికీ సిరకీ మధ్య ఉండాల్సిన సన్నని కేశనాళికలు కొన్ని చోట్ల లేకుండా, రక్తం నేరుగా ఇటునుంచి అటు దూకేస్తుంది. ముక్కులో అయితే రక్తం కారుతుంది. ఊపిరితిత్తిలో అయితే అసలు ప్రమాదం మొదలవుతుంది.

మన ఊపిరితిత్తి జల్లెడ లాంటిది. సెలైన్ గొట్టంలో చిన్న గాలిబుడగ వెళ్లినా అక్కడే ఆగి కరిగిపోతుంది. ఈ రోగుల్లో అడ్డదారి ఉంది కాబట్టి అదే బుడగ మెదడు దాకా వెళ్లగలదు. పన్ను పీకినప్పుడు రక్తంలోకి చేరే క్రిములూ అంతే, అందుకే ముందే యాంటీబయాటిక్ ఇస్తారు. విచిత్రమేమిటంటే, ఆ అడ్డదారిని కనిపెట్టేదీ బుడగలతోనే. సన్నని బుడగలు వచ్చేలా బాగా గిలకొట్టిన సెలైన్‌ని చేతి నరంలోకి ఎక్కించి, గుండెను స్కాన్‌లో చూస్తారు. బుడగలు కొన్ని గుండె చప్పుళ్ల తర్వాత గుండె ఎడమవైపు కనిపిస్తే, ఊపిరితిత్తిలో దారి ఉన్నట్టే.

పిన్ని గుండెలో కనిపించాయి.

మూడు వారాల తర్వాత కంతి తీశారు, చెయ్యి వరకే మత్తిచ్చి. వెన్నులోనూ ఇలాంటి నాళాలు కొద్దిమందికి ఉంటాయి కాబట్టి, నడుముకి సూది వేయాల్సి వస్తే ముందు ఆలోచించాలి. పూర్తి మత్తు కావాల్సి వచ్చినా ముక్కులోంచి గొట్టం వేయకూడదని కేసుషీటులో రాశారు. సెలైన్ గొట్టానికి గాలిని ఆపే ఫిల్టర్ పెట్టారు. అయినా నర్సు గొట్టాన్ని వెలుతురుకి పట్టుకుని, వేలితో తట్టి, ఒక్క బుడగ కూడా లేదని చూశాకే కలిపింది. సాయంత్రం బస్సు మాట ఎత్తనివ్వలేదు. రాత్రి రక్తం కారితే పర్లాకిమిడి నుంచి మళ్లీ రావడం ఎంతసేపు?

మా అమ్మ పిన్నికి సొంత అక్క. ఆమె పెదవి మీదా రెండు చుక్కలున్నాయి. వచ్చే వారం తీసుకెళ్తున్నాను.