సిటీ బస్సు టికెట్‌పై ఆ అయిదు రూపాయలు ఎక్కడివి?

హైదరాబాద్ సిటీ బస్సు చార్జీల గొడవ మళ్లీ రాజుకుంది కాబట్టి ఒక పాత సంగతి గుర్తు చేయాలి. 2025 అక్టోబర్ 6న ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు అదనంగా వేశారు. 2027కల్లా 2,800 ఎలక్ట్రిక్ బస్సులు తెస్తున్నాం, డిపోల్లో చార్జింగ్ ఏర్పాట్లకు డబ్బు కావాలి అన్నది ఆర్టీసీ మాట. తెలంగాణ ఆడవాళ్లకు ఈ బస్సుల్లో జీరో టికెట్ ఉంది, కాబట్టి భారమంతా దాదాపు మగవాళ్లదే. పొద్దున్నే అడ్డాకు బయల్దేరే మేస్త్రీకి పది రూపాయల టికెట్ పదిహేనయింది, రానూపోనూ రోజుకు ఇంకో పది, పైగా కండక్టర్‌తో చిల్లర పంచాయితీ.

ఈ భారానికి కారణం అందరూ ఆర్టీసీ అప్పులు, 2019 చివర్లో జరిగిన 52 రోజుల ఆర్టీసీ సమ్మె అంటున్నారు గానీ నన్నడిగితే అసలు మలుపు సమ్మెకు ముందే, 2019 మార్చిలో ఎయిర్‌పోర్టు రూట్లో 40 ఎలక్ట్రిక్ బస్సులు ఎక్కించినప్పుడే వచ్చింది. ఎలక్ట్రిక్ వాహనాలకు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం ఫేమ్ మొదటి విడతలో ఆ సబ్సిడీతో బస్సు కొనుక్కునే వీలుండేది, అద్దెకు తీసుకునే వీలూ ఉండేది. కోల్‌కతా కొనుక్కుంది, మనం అద్దెకు తెచ్చుకున్నాం. రెండో విడత ఫేమ్-2 వచ్చేసరికి కొనే దారే మూసేశారు, సబ్సిడీ అద్దె బస్సులకే.

అద్దె అంటే బస్సు ప్రైవేటు కంపెనీది, డ్రైవర్ కంపెనీ మనిషి, కండక్టర్ మాత్రం ఆర్టీసీ. సీట్లు నిండినా నిండకపోయినా కిలోమీటరుకు ఇంత అని కట్టాల్సిందే. చార్జింగ్ పెట్టే డిపో స్థలం ఆర్టీసీది, అక్కడికి హెచ్‌టీ (హై టెన్షన్) కరెంటు లైను ఖర్చూ ఆర్టీసీదే. టికెట్ మీద వేసింది ఆ ఖర్చే.

యూనియన్లు మొదట్నుంచీ అడుగుతున్నది ఒకటే: ఆ సబ్సిడీ ఏదో నేరుగా ఆర్టీసీకే ఇస్తే మన బస్సు మనమే కొనుక్కుని మన డ్రైవర్లతోనే నడుపుకుంటాం కదా అని. డిపోకు డిపో ఎలక్ట్రిక్ అయిపోతే అక్కడి డ్రైవర్లు, మెకానిక్‌లు ఎక్కడికి పోవాలన్న భయం కూడా ఉంది, అది ఉత్తి భయం కాదు. ఒక్కో బస్సు కోటి పైనే, బ్యాటరీ పోతే ఆ తలనొప్పి కంపెనీదే అన్నది అద్దె బస్సే మేలనే వాళ్ల వాదన.

ఇంకోటి. పొగ రాని బస్సు మొదట ఎయిర్‌పోర్టుకు వెళ్లింది, 2023 సెప్టెంబర్‌లో ఏసీతో గచ్చిబౌలికి వెళ్లింది, మేస్త్రీలాంటి వాళ్లు ఎక్కే మామూలు మెట్రో ఎక్స్‌ప్రెస్‌గా 2024లో గానీ రాలేదు.

ఫేమ్ తర్వాత కేంద్రం తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు కేటాయించిన 2,000 బస్సులూ అద్దెవే. వాటికీ లైన్లు ఈ డిపోల్లోనే వేయాలి.