మైనర్ కార్డ్‌కు పై అంతస్తులు: 9, 11, 13

కార్డ్ అంటే ఒక్కసారిగా మోగించే స్వరాల గుంపు. డి మైనర్ కార్డ్‌లో మూడే స్వరాలు: డి, ఎఫ్, ఏ. స, గ, ప అనుకోండి. ఇలాగే ఒకటి విడిచి ఒకటి పేర్చుకుంటూ పోతే ని, ఆ పైన పై స్థాయి రి, మ, ధ వస్తాయి. స నుంచి లెక్కిస్తే ని ఏడోది, అక్కడ ఆగితే డి మైనర్ 7. రి చేరితే 9, మ చేరితే 11, ధ కూడా కలిస్తే 13. ఈ ఏడూ అచ్చంగా ఖరహరప్రియ స్వరాలే. జాజ్ వాళ్లు డోరియన్ అంటారు. మనం వరసగా వినే స్వరాలు అక్కడ ఒక్కసారిగా మోగుతాయి.

గిటార్‌కి తీగలు ఆరే, నొక్కే వేళ్లు నాలుగే. కాబట్టి ఏది వదలాలో తెలియడమే అసలు విద్య. ముందుగా ప వదిలేయొచ్చు. డి తీగ మోగితే దాని పౌనఃపున్యానికి మూడు రెట్లున్న అనుస్వరం కూడా సన్నగా పలుకుతుంది. అది ఏ స్వరమే, అంటే ప. గ, ని మాత్రం ఉండాలి. కార్డ్ రంగు వాటిదే.

డి మైనర్ 9 పట్టండి (అన్నిటికన్నా సన్న తీగ ఒకటోది, ఫ్రెట్ అంటే గిటార్ మెడ మీది గడి): ఐదో తీగ 5వ ఫ్రెట్, నాలుగో తీగ 3, మూడు, రెండు తీగలు 5. వచ్చేవి డి, ఎఫ్, సి, ఇ. ఇ, ఎఫ్‌ల మధ్య దూరం అర్ధస్వరమే. రెండూ నాలుగో తీగ స్థాయిలోనే మోగితే సెకనుకు దాదాపు 10 విస్పందనాలు (ధ్వనిలో హెచ్చుతగ్గులు) పుట్టి చెవికి గరుకుగా తగులుతాయి. ఇ స్వరాన్ని పై స్థాయికి ఎత్తగానే ఆ గరుకు చాలావరకు పోయి, తియ్యటి టెన్షన్ ఒకటి మిగులుతుంది.

నాకు వీటిలో 11 అంటే మహా ఇష్టం. మేజర్ కార్డ్‌లో ఇది ఇమడదు, అంతర గాంధారానికి శుద్ధ మధ్యమం మరీ దగ్గర. మైనర్‌లో గాంధారం ఒక మెట్టు దిగుతుంది కాబట్టి మధ్యమానికి చోటు దొరుకుతుంది.

1959లో జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ బృందం రికార్డు చేసిన ‘సో వాట్’లో బిల్ ఎవాన్స్ పియానో మీద వాయించిన రెండు కార్డులు వినండి. మొదటిది ఇ, ఏ, డి, జి, బి. గిటార్ లావు తీగ నుంచి రెండో తీగ దాకా శ్రుతి చేసేదీ ఇవే స్వరాలకు! చూపుడువేలు ఆ ఐదు తీగల మీద 12వ ఫ్రెట్ దగ్గర అడ్డంగా ఆనించి మీటండి, వెంటనే 10వ ఫ్రెట్‌కు దిగండి. రెండోసారి పలికేవి డి, జి, సి, ఎఫ్, ఏ: రి ఒక్కటి వదిలేసిన డి మైనర్ 11.