కార్పొరేటర్ లేని ఆ 20 నెలలు

విజయవాడ సింగ్ నగర్ వైపు డివిజన్లలో పాత గొడవే మళ్లీ రాజుకుంది. స్థానిక నాయకుడొకరు తన డివిజన్ జనానికి వాట్సాప్‌లో పెట్టిన సమాచారంతో ఇది మొదలైంది. కొత్త పింఛన్లు ఎవరికి వచ్చాయి, ముఖ్యమంత్రి సహాయనిధి చెక్కులు ఎప్పుడిస్తారు, వరద సాయం అందని ఇళ్ల అర్జీలు ఎక్కడిదాకా వెళ్లాయి, సైడు కాలువల పూడికతీత ఏ వీధి నుంచి మొదలవుతుంది, ఆదివారం కంటి పరీక్షల శిబిరం ఎక్కడ పెడుతున్నారు... అందులో ఉన్నది ఇంతే. ఇవన్నీ ప్రభుత్వం ఇచ్చేవి, వార్డు సచివాలయం చేసే పనులు, మధ్యలో ఈయన పేరెందుకని అవతలి వర్గం నిలదీస్తోంది. మా వీధి సంగతి మాకు చెప్పడానికి ఒక మనిషి ఉండొద్దా అని ఇవతలివాళ్లు అడుగుతున్నారు.

బుడమేరు వాగు ఎలా పొంగిందో, 2024 సెప్టెంబరులో ఈ పేటలు ఎన్ని రోజులు నీళ్లలో ఉన్నాయో ఇక్కడివాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఈ తగాదా మాత్రం వరదతో పుట్టింది కాదు. దీని మూలం 2019 జూలైకీ 2021 మార్చికీ మధ్య ఉంది.

2014 జూలైలో ఏర్పడిన విజయవాడ నగరపాలక సంస్థ పాలకవర్గం గడువు 2019 జూలైలో తీరిపోయింది. ఎన్నికలు జరగలేదు. నగరం ప్రత్యేకాధికారి చేతిలోకి వెళ్లింది. సరిగ్గా ఆ ఖాళీలోనే ప్రభుత్వ సాయం ఇంటికి చేరే దారి మొత్తం మారిపోయింది. ఆగస్టు 15న ఇంటింటికీ పథకాలు చేర్చే వాలంటీర్లు వచ్చారు. అక్టోబరు 2న సచివాలయాలు వచ్చాయి. నగరంలో 286 వార్డు సచివాలయాలు పెట్టారు. సుమారు 4 వేల జనాభాకు ఒకటి చొప్పున, ఒక్కోదానికి అడ్మిన్, వెల్ఫేర్, శానిటేషన్, ప్లానింగ్, ఎమినిటీస్ అంటూ పది మంది దాకా సెక్రటరీలు. 2020 ఫిబ్రవరి నుంచి వాలంటీరే తెల్లవారుజామున తలుపు తట్టి, వేలిముద్ర తీసుకుని పింఛను చేతిలో పెట్టడం మొదలైంది.

ఇంతలో కరోనా వచ్చిపడింది. మార్చిలో నోటిఫికేషన్ వచ్చిన మున్సిపల్ ఎన్నికలు అదే నెల 15న ఆగిపోయాయి. ఏప్రిల్‌లో పేద కుటుంబాలకు ఇచ్చిన వెయ్యి రూపాయలను వాలంటీర్లే ఇంటింటికీ తిరిగి పంచారు. ఊరంతా తలుపులేసుకుని కూర్చున్న రోజుల్లో ప్రభుత్వం తరఫున గుమ్మం దగ్గరికి వచ్చిన మనిషి వాలంటీరే. ఆ రోజుల్లో వాళ్లు చేసిన పనిని ఎవరూ తక్కువ చేయలేరు. 2021 జనవరి 21న బెంజి సర్కిల్లో జెండా ఊపి 9,260 రేషన్ బండ్లను ప్రారంభించారు. బియ్యం కూడా వీధిలోకే రావడం మొదలైంది.

ఇదంతా అయ్యాక మార్చి 10న పోలింగ్ జరిగింది. 64 డివిజన్లకు 64 మంది కార్పొరేటర్లు గెలిచారు. అందులో 49 మంది అప్పటి అధికార పక్షం వాళ్లే. 18న మేయర్ ఎన్నిక కూడా అయిపోయింది. వాళ్లు ప్రమాణం చేసేనాటికి పింఛను, రేషన్, ఇళ్ల స్థలం, అమ్మ ఒడి, ఆరోగ్యశ్రీ కార్డు... జనం కార్పొరేటర్ గడప తొక్కే ప్రతి పనికీ ఇంకో మనిషి, ఇంకో ఆఫీసు కుదురుకుని ఉన్నాయి. ఆ వ్యవస్థను కట్టేటప్పుడు కార్పొరేటర్ కుర్చీ ఖాళీగా ఉంది కాబట్టి అందులో అతనికంటూ చోటు పెట్టలేదు. ఎన్నికయ్యాక కూడా ఆ చోటు చేర్చలేదు. ఇప్పటి గొడవలో ఎవరు ఏ పార్టీ అన్నదానికంటే ఈ ఒక్క విషయమే ఎక్కువ చెబుతుంది.

2024లో ప్రభుత్వం మారేదాకా అధికార పార్టీ కార్పొరేటర్లకే చాలాసార్లు దిక్కుతోచని పరిస్థితి. పింఛను ఆగిపోయిందని ఇంటికొచ్చిన ముసలామెను 'సచివాలయంలో అడుగమ్మా' అని పంపించడం తప్ప చేయగలిగింది లేదు. సచివాలయంలో అడిగితే కంప్యూటర్లో అనర్హులని చూపిస్తోందంటారు. ఆరు అంచెల పరిశీలనలో సొంత కారు, పొలం, ఇంటి విస్తీర్ణం, ప్రభుత్వోద్యోగం, ఆదాయపు పన్నుతో పాటు కరెంటు వాడకాన్నీ చూశారు. నెలకు 300 యూనిట్లు దాటితే పేరు ఎగిరిపోయేది. రాజరాజేశ్వరిపేట లాంటి చోట పాత ఇంటికి ఒకే మీటరు, దాని మీద మూడు కుటుంబాలు ఉండటం మామూలే. మూడిళ్ల ఫ్యాన్లూ, ఫ్రిజ్‌లూ కలిసి ఆ మీటరు ఎవరి ఆధార్‌కు లింకయి ఉందో వాళ్ల లెక్కలో పడేవి. ఆ వీధి తెలిసిన మనిషి ఒక్కసారి వచ్చి చూస్తే తేలే విషయం ఇది. ఆ మాట రాసి సంతకం పెట్టే గడి మాత్రం ఆ ఫారంలో కార్పొరేటర్‌కు లేదు.

అధికారుల వాదన ఒకటుంది. 2014 - 19 మధ్య జన్మభూమి కమిటీలు లబ్ధిదారులను ఎంపిక చేసినప్పుడు మనవాడా కాదా అని చూసే పేర్లు రాశారన్న ఆరోపణలు గట్టిగానే వచ్చాయి. మళ్లీ నాయకుల చేతికి జాబితా ఇస్తే అదే జరుగుతుందని, అర్హతను నిబంధనలకే వదిలేయాలని వాళ్లు అంటారు. ఆ భయం ఉత్తది కాదు. అయితే జాబితా తయారుచేసే అధికారం వేరు, జాబితాలో తప్పు చూపించే హక్కు వేరు. ఈ రెంటినీ కలిపేసి రెండూ తీసేశారు.

మధ్యలో ఇంకో మలుపు ఉంది. సార్వత్రిక ఎన్నికల ముందు, 2024 మార్చి 30న, వాలంటీర్లతో పింఛన్లు పంచవద్దని ఎన్నికల సంఘం ఆదేశించింది. ఏప్రిల్‌లో వృద్ధులు మండుటెండలో సచివాలయాల ముందు నిలబడాల్సి వచ్చింది. మే నెలలో బ్యాంకు ఖాతాల్లో వేస్తే అక్కడా క్యూలే. ప్రభుత్వం మారాక జూలై 1న సచివాలయ సిబ్బంది ఇళ్లకు వెళ్లి, పెంచిన 4 వేలు, బకాయి 3 వేలు కలిపి 7 వేలు చేతికిచ్చారు. అంటే వాలంటీరు పోయినా ఆ ఖాళీలోకి వచ్చింది ఉద్యోగే. ఒకటో తారీఖు పింఛన్ల దగ్గర ఎమ్మెల్యే ఫొటోలో ఉంటారు, కార్పొరేటర్ పక్కన నిలబడతారు. జాబితా మాత్రం సెక్రటరీ ఫోన్లో ఉంటుంది.

సెప్టెంబరు 1న బుడమేరు మీద పడింది ఇలాంటి ఏర్పాటు మీద. మొదటి రెండు రోజులు కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగ్ లేదు. నడవలేని ముసలివాళ్లు ఏ ఇంట్లో ఉన్నారు, బాలింత ఏ మేడ మీద ఉంది, పాలు ఏ సందులోకి చేరలేదు అన్నవి ఏ యాప్‌లోనూ దొరకలేదు. సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గర పడవల వాళ్లకు దారి చెప్పింది ఆ వీధుల కుర్రాళ్లూ, పార్టీల కిందిస్థాయి కార్యకర్తలూ, కొందరు కార్పొరేటర్లూ. ప్రభుత్వం తక్కువ చేసిందని కాదు. ముఖ్యమంత్రి కలెక్టరేట్‌లోనే మకాం వేశారు, ముంపు డివిజన్లకు ఐఏఎస్‌లను ఇన్‌ఛార్జులుగా పెట్టారు, తర్వాత ఇంటింటికీ 25 కిలోల బియ్యంతో పాటు పప్పు, నూనె, చక్కెర, ఉల్లి, బంగాళాదుంపలు ఇచ్చారు.

అసలు తంటా నష్టం లెక్కలు రాసేటప్పుడు వచ్చింది. 17న ప్రకటించిన ప్యాకేజీలో ముంపు ప్రాంతాల్లోని 179 సచివాలయాల పరిధిలో గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి 25 వేలు, పై అంతస్తుల వాళ్లకు 10 వేలు అన్నారు. కిరాణా కొట్టుకు 25 వేలు, తోపుడు బండికి 20 వేలు, ఆటోకు 10 వేలు, బైకుకు 3 వేలు. ఉదారమైన ప్యాకేజీ అనే చెప్పాలి. డబ్బు కూడా ఆలస్యం చేయకుండా 25న ఖాతాల్లోకి వేయడం మొదలుపెట్టారు.

లెక్కలు రాసిన బృందాల్లో చాలామంది బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. మాకు తెలిసిన ఒక కుటుంబం సంగతి చెబుతాను. కింది వాటాలో అద్దెకుంటున్నారు. నీళ్లు నడుము దాటగానే ఇంటిగలవాళ్లు వాళ్లను పైకి పిలిచి వసారాలో చోటిచ్చారు. బృందం వచ్చిననాటికి కింద గదులు బురదతో వాసన కొడుతున్నాయి, వీళ్లింకా పైనే ఉన్నారు. ఎక్కడుంటున్నారని అడిగితే ఆమె నిజమే చెప్పింది, పైనని. ఫోన్లో ఫస్ట్ ఫ్లోర్ అని పడింది. పరుపులు, టీవీ, ఫ్రిజ్, పిల్లల పుస్తకాలు, కుట్టు మిషను అన్నీ కిందే పోయాయి. ఖాతాలో మాత్రం 10 వేలు పడ్డాయి. గోడ మీద ఐదడుగుల ఎత్తున బురద గీత కళ్లకు కనబడుతున్నా, ఆమె 15 వేల తేడా కోసం కాగితాలు పట్టుకుని సచివాలయానికీ కలెక్టరేట్‌కూ తిరిగింది. ఆ వాటాలో ఎవరుంటారో వీధిలో ఎవర్ని అడిగినా చెబుతారు. అడగాలన్న నిబంధనే లేదు.

ఇంటికి తాళం వేసి బంధువుల ఊరు వెళ్లినవాళ్లు, ఆధార్‌లో పాత చిరునామా ఉన్నవాళ్లు, ఖాతాకు ఆధార్ లింకు కాక డబ్బు వెనక్కి వెళ్లినవాళ్లు... ఒక్కొక్కరిదీ ఒక్కో కష్టం. జాబితాలు సచివాలయాల దగ్గర అంటించారు, అభ్యంతరాలూ తీసుకున్నారు. అంటించిన జాబితా ముందు నిలబడి తన పేరు తాను వెతుక్కోలేని మనిషికి పక్కన ఎవరుండాలన్నది మాత్రం ఎవరూ ఆలోచించలేదు. ఆ పని చేసింది డివిజన్ నాయకులే. పార్టీ ఆఫీసులో బల్ల వేసుకుని అర్జీలు రాయించారు, సోమవారం గ్రీవెన్స్‌కు ఆటోల్లో తీసుకెళ్లారు. ఇందులో ఓట్ల లెక్క ఉండదని ఎవరూ అనరు. అయినా ఆ అర్జీల జాడ ఇవాళ్టికీ ఉన్నది వాళ్ల నోటుపుస్తకాల్లోనే. ఇప్పుడు తగువుకు కారణమైన వాట్సాప్ సమాచారంలో సగం అక్కడి నుంచి వచ్చిందే.

ప్రభుత్వానికి తన వాట్సాప్ ఉంది. 2025 జనవరి 30న 161 సేవలతో మన మిత్ర మొదలైంది. సర్టిఫికెట్లకూ బిల్లులకూ అది నిజంగా మేలు చేసింది, రోజు కూలి పోగొట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తగ్గింది. కానీ ఫలానా సందులో ఫలానా ఇంటి అర్జీ ఎందుకు ఆగిందో మనిషి భాషలో చెప్పేది అది కాదు. రేషన్ బండ్లు 2025 జూన్ 1 నుంచి పోయి మళ్లీ డిపోలు వచ్చినప్పుడు, ఏ డిపోకు వెళ్లాలో, వృద్ధుల ఇంటికి బియ్యం తెచ్చిస్తారో లేదో అడగడానికి జనం వెళ్లింది తెలిసిన నాయకుడి దగ్గరికే.

రాజ్యాంగం 74వ సవరణ 3 లక్షల జనాభా దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. 1993 నుంచి అమల్లో ఉన్న మాట అది. ఆ కమిటీ ముందు లబ్ధిదారుల జాబితాను గట్టిగా చదివి, ఫలానా ఇల్లు కింది వాటా అని పొరుగువాళ్లు చెబితే అక్కడికక్కడే మినిట్స్‌లో రాసుకునే పద్ధతి ఉంటే, వాట్సాప్‌లో ఎవరి పేరు పెట్టుకున్నారన్న తగువు ఇంత దూరం రాదు. నాయకుడి మీద అనుమానమున్నవాళ్లకూ అదే రక్షణ, ఎందుకంటే అందరి ముందూ చదివిన జాబితాలో మనవాళ్ల పేర్లు దొంగతనంగా ఎక్కించడం కష్టం.

2021 మార్చిలో కొలువుదీరిన పాలకవర్గం గడువు 2026 మార్చి వరకే. గడువు తీరాక కొత్త ఎన్నిక ఎన్ని నెలలు ఆగితే అన్ని నెలలూ 2019 నాటి ఖాళీయే మళ్లీ వస్తుంది. ఆ నెలల్లోనూ పింఛన్ల తనిఖీలు జరుగుతాయి, ఇళ్ల జాబితాలు తయారవుతాయి, వానాకాలమూ వస్తుంది. ఆ జాబితాలు ఖరారయ్యే ముందు ప్రతి సచివాలయం దగ్గరా వీధి జనాన్ని పిలిచి చదివి వినిపించాలని కమిషనర్ ఒక ఉత్తర్వు ఇస్తే చాలు, దానికి కొత్త చట్టం అక్కర్లేదు. అర్జీలు రాయించిన నాయకులు, ఏ పార్టీ వాళ్లయినా, ఇప్పుడు గట్టిగా అడగాల్సింది ఆ ఉత్తర్వు కోసమే.